మోటారు కాళ్ళు కడిగిన రోజులు

చిలికా సరస్సు చూసి చాలా ఏళ్ళయిందని నోరు జారితే, కిందటి నెల మా మనవడు నన్ను కారులో దాని ఒడ్డునున్న రంభ ఊరికి తీసుకెళ్ళాడు. తిరిగి వచ్చేటప్పుడు రోడ్డుకు అడ్డంగా మేకలు వచ్చాయి. వాడు బ్రేకు తొక్కాడు. తొక్కగానే స్టీరింగు వాడి చేతుల్లో గడగడా వణికింది. వదిలితే ఆగిపోయింది, మళ్ళీ తొక్కితే మళ్ళీ వణికింది. "ఇదేం కొత్త రోగం?" అన్నాడు వాడు. నేను వెనక సీట్లోంచి, "చక్రాలు వేడిగా ఉండగా ఎవరైనా నీళ్ళు కొట్టారేమో కనుక్కో," అన్నాను. వాడు అద్దంలో నా ముఖం చూసి నవ్వాడు. డెబ్భై దాటిన ముసలిది, జన్మలో సైకిలైనా తొక్కనిది, బ్రేకుల సంగతి మాట్లాడితే నవ్వక ఏం చేస్తాడు? మర్నాడు షెడ్డులో మెకానిక్కు చక్రం విప్పి అదే మాట చెప్పాడట. వాడు ఇంటికొచ్చి, "నీకెలా తెలుసు మామ్మా?" అని అడిగాడు. చెప్పలేదు. వాడికి తెలుగు మాట్లాడటమే గానీ చదవడం రాదు, అందుకని ఇక్కడ ధైర్యంగా రాస్తున్నాను.

నేను కాపరానికి వచ్చేనాటికి నాకు పదహారేళ్ళు. మా పుట్టిల్లు ఇచ్ఛాపురం దగ్గర. మామగారు బరంపురంలో పేరున్న వకీలు. గంజాం అప్పటికింకా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. కలెక్టరు కచేరీ ఛత్రపురంలో, ఆయన కక్షిదారులేమో రంభ, ఖల్లికోట దాకా. ఆ తిరుగుడు కోసం ఆయన మోటారు కొన్నారు. నల్లటి పెద్ద అమెరికా బండి, మడిచే టాపు, ఎడ్లబండికి ఉన్నట్టే చెక్క ఆకుల చక్రాలు. మా వీధిలో అదొక్కటే మోటారు. నా పెళ్ళికి ఒప్పుకోవడానికి మా నాన్న చెప్పిన కారణాల్లో ఆ మోటారు ఒకటి.

ఆ ఇంటి శుభ్రం సంగతి చెప్పి తీరాలి. మా అత్తగారు బజారు నుంచి వచ్చిన ప్రతి వస్తువూ కడిగించేవారు. కూరలు సరే, కట్టెలు కడిగించేవారు. తడి కట్టెలు రాజేసి పొగలో కళ్ళు పోగొట్టుకోవడం కోడళ్ళ వంతు. ఉప్పు ఒక్కటే కడగలేదు, కరిగిపోతుందని ఊరుకున్నారు. మడిబట్టలు ఎవరికీ తగలకుండా చీకటి గదిలో దండెం మీద ఆరేసేవారు, అవి ఏనాడూ పూర్తిగా ఆరేవి కావు. ఆ ముక్కవాసన బట్టలు కట్టుకునే మేము పవిత్రులం. పెరటి గోడ అవతల మా ఇంటి మురుగంతా గుంట కట్టి, పురుగులు పట్టి, పక్కవాళ్ళు ముక్కు మూసుకుని నడిచేవారు. అది గోడకు అవతల కాబట్టి అత్తగారి లెక్కలో అది మురికి కాదు. శుచి అంటే ఆ ఇంట్లో మన కంపు పక్కవాడి వైపు తొయ్యడమే.

అలాంటి ఇంటికి మోటారు వస్తే ఊరుకుంటారా? ఊళ్ళన్నీ తిరిగి, పల్లెల్లోంచి, శ్మశానాల పక్కనుంచి దొర్లి వచ్చిన చక్రాలు! ఊరినుంచి వచ్చిన మనిషి కాళ్ళు కడుక్కునే గదా లోపలికి వస్తాడు, మోటారు మాత్రం కడుక్కోవద్దా అన్నారు అత్తగారు. గుమ్మం ముందు మోటారు ఆగగానే ఒక్కో చక్రానికి ఒక్కో బిందె, ఆపైన ముందు చక్రాలకు మరొక్కొక్కటి, నూతి నీళ్ళు పొయ్యాలి. ఆ తరవాతే అది గేటు దాటి షెడ్డులోకి రావాలి. ఈ పని చిన్న కోడలిగా నాకు వచ్చింది. మోటారు చప్పుడు వీధి మలుపులో వినబడగానే కొంగు బిగించి, నిండు బిందెతో నిలబడేదాన్ని. చెక్క ఆకుల సందుల్లోంచి నీళ్ళు లోపలి ఇనుప డ్రమ్ముల మీద పడేవి. పడగానే బుస్సుమని ఆవిరి లేచేది, కాలిన ఇనుము వాసన గుప్పుమనేది. అత్తగారు అరుగు మీద నిలబడి ఆ చప్పుడు చెవులారా వినేవారు. "చూశావుటే! మైల ఎలా బుస్సుమంటూ పోతోందో!" అనేవారు. బుస్సుమనకపోతే ఇంకో బిందె పొయ్యమనేవారు. నేనూ నమ్మాను. మైలకు చప్పుడుంటుందని, వాసన ఉంటుందని ఆ ఇంట్లోనే నేర్చుకున్నాను.

మోటారు నడిపేవాడు దానయ్య. గంజాం దగ్గర సముద్రపు పల్లెవాడు, జాలరి. ఆ పల్లెవాళ్ళు తరతరాలుగా అక్కడ ఉన్న తెలుగువాళ్ళే, వల వెయ్యడం, కాకపోతే ఓడెక్కి రంగం పోవడం. రంగూన్ని అందరం రంగం అనేవాళ్ళం. దానయ్య అక్కడే ఏ దొర దగ్గరో మోటారు నేర్చి వచ్చాడు. ముప్ఫై దాటని మనిషి, మితభాషి. మామగారికి వెనక సీట్లో కడుపులో తిప్పుతుంది, అందుకని ముందు, దానయ్య పక్కన కూర్చునేవారు. ఇద్దరి మధ్యా లా పుస్తకాల కట్ట సరిహద్దు. ఆయనకు వేగమంటే ప్రాణభయం. బయల్దేరిన దగ్గర్నుంచీ "ధీరే, ధీరే" అంటూనే ఉండేవారు. దూరాన ఆవు కనబడితే "బ్రేకు!", మలుపు కనబడితే "బ్రేకు!", ఖల్లికోట వైపు కొండ దారి దిగుతుంటే సరేసరి. దానయ్య కాలు బ్రేకు మీంచి లేచే యోగం లేదు. ఇంటికి చేరేసరికి డ్రమ్ములు పెనాల్లా కాగి ఉండేవి, నేను బిందెతో సిద్ధంగా ఉండేదాన్ని.

వణుకు మొదట చాలా కొద్దిగా వచ్చిందట. ఒక వానాకాలం గడిచేసరికి బ్రేకు తొక్కినప్పుడల్లా స్టీరింగు చక్రం అటూ ఇటూ కొట్టుకోవడం మొదలైంది. పక్కన కూర్చున్న మామగారికి కనబడింది మాత్రం దానయ్య చేతులు. ఒకనాడు ఛత్రపురం నుంచి వచ్చి దిగుతూనే, "వీడి చేతులు వణుకుతున్నాయి. వీడు తాగుతున్నాడు," అన్నారు, అందరికీ వినబడేలా.

దానయ్య ముఖం పాలిపోయింది. "నాను సుక్క ముట్టను బావూ, గంగమ్మ తల్లి మీద ఒట్టు. ఒణికేది నా సేతులు కావండి, సక్రం. బ్రేకు తొక్కితేనే ఒణుకుతాది, ఒగ్గేత్తే ఊరుకుంటాది. తవరొక్కపాలి పట్టుకుని సూడండి, తెలిసిపోద్ది," అన్నాడు.

"నువ్వు పట్టుకున్న చక్రం నేను పట్టుకోవాలా?" అన్నారు మామగారు.

నిజం తెలుసుకోవడానికి ఆయన చెయ్యి జానెడు దూరం చాపితే చాలు. రెండు వేళ్ళు ఆనిస్తే చాలు. కచేరీలో సాక్షిని గంటలకొద్దీ అడ్డప్రశ్నలు వేసి నిజం కక్కించే మనిషి, తన పక్కనే ఉన్న చక్రాన్ని తాకలేకపోయారు. దానికి బదులు మర్నాటి నుంచి వేరే విచారణ పెట్టారు. పొద్దున్నే దానయ్య గేటు దగ్గర నోరు తెరిచి నిలబడాలి. గుమాస్తా వెళ్ళి వాసన చూడాలి. ఆ గుమాస్తా నోరు ఎలాంటిదంటే, కిళ్ళీ, పొగాకు, పుచ్చుపళ్ళు కలిసి పది గజాలు కొట్టేది. ఆ నోరు వెళ్ళి ఈ నోటి ముందు ఆగి, ముక్కు ఎగబీల్చి, "ఇవాళ లేదండీ," అని కేకేసేది. ఇవాళ లేదంటే నిన్న ఉన్నట్టే గదా! వీధిలో వెళ్ళేవాళ్ళు ఆగి చూసేవారు. నేను వంటింటి కిటికీలోంచి చూసేదాన్ని. దానయ్య కళ్ళు మూసుకుని నోరు తెరిచేవాడు. సంతలో ఎద్దు పళ్ళు చూసినట్టు చూడటం అది. చూడలేక తల తిప్పుకునేదాన్ని, అంతకుమించి ఏమీ చేసేదాన్ని కాదు.

బండి జబ్బు కనిపెట్టాలని అతను పడని పాటు లేదు. కచేరీ సెలవుల్లో జాకీ ఎత్తి పెట్టుకుని, చక్రాలు ఊపి చూసేవాడు. నట్లు బిగించాడు. ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకీ మార్చాడు. స్టీరింగు కడ్డీల కీళ్ళకు గ్రీజు పెట్టాడు. బ్రేకు కడ్డీలు రెండు వైపులా సమానంగా లాగుతున్నాయో లేదోనని తాడు పట్టి కొలిచాడు. డ్రమ్ములు పైకి చూడటానికి బాగానే ఉండేవి, అవి వంకరపోయాయని అతనికి తోచలేదు. అతను రంగంలో పనిచేసిన దొర ఇంట్లో చక్రాల మీద ఎవరూ నీళ్ళు పోసి ఉండరు, మరి అతనికెలా తోస్తుంది? ఒకసారి నేను నూతి దగ్గర ఉండగా తనలో తనే, "ఎల్లినప్పుడు కొంత, ఒచ్చినప్పుడు ఇంకొంత. రోజురోజుకీ పెరుగుతన్నాదేటి?" అనుకోవడం విన్నాను. ఆ మాట అన్నప్పుడు నా చంకలో బిందె ఉంది.

రంభ దగ్గర ఒకరోజు ఎద్దుబండి అడ్డం వచ్చింది. గట్టిగా బ్రేకు తొక్కేసరికి మోటారు వణికి పక్కకు లాగి గట్టు దిగిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. మామగారి తలపాగా బురదలో పడింది, అంతే. ఆ సాయంత్రమే దానయ్యను పొమ్మన్నారు. ఊరికే పొమ్మంటే సరిపోయేది. క్లబ్బుకు వెళ్ళి, తాగుబోతును పనిలో పెట్టుకుని ప్రాణం మీదకు తెచ్చుకున్నానని కథలా చెప్పారు. బరంపురంలో మోటార్లున్న ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు, ఆ ఇళ్ళ యజమానులంతా ఆ క్లబ్బులోనే కూర్చుంటారు. ఒక్క సాయంత్రంలో దానయ్యకు గంజాం జిల్లాలో మోటారన్నది లేకుండా పోయింది.

తరవాత మామగారికి వరసకు మేనల్లుడైన ఒకాయన్ని తెచ్చారు. మనవాడు, మడి తెలిసినవాడు. వారం తిరక్కుండా ఆయన చేతుల్లోనూ చక్రం వణికింది. ఆయన నోరు ఎవరూ వాసన చూడలేదు. దిష్టి తగిలిందని మోటారుకు నిమ్మకాయలు కట్టారు. ఆయన సాయంత్రాలు ఎక్కడికో వెళ్ళి ఎర్రకళ్ళతో వచ్చేవాడని మా ఇంట్లో అందరికీ తెలుసు. అది చలవ చెయ్యక కళ్ళు ఎర్రబడటమని అత్తగారు మజ్జిగ ఇప్పించేవారు. ఈ మాట రాస్తుంటే ఇన్నేళ్ళ తరవాత కూడా నాకు ఉమ్మెయ్యాలనిపిస్తోంది.

నిమ్మకాయలు పని చెయ్యలేదు. చివరికి రంగం మేస్త్రిని పిలిపించారు. ఆయనా మా వైపువాడే, రంగంలో చాలాకాలం పనిచేసి వచ్చి బరంపురంలో మోటార్ల కొట్టు పెట్టుకున్న ముసలాయన. ముందు చక్రం విప్పి పక్కన పెట్టి, డ్రమ్మును చేత్తో తిప్పాడు. ఒక సుద్దముక్క తీసి, చెయ్యి కదలకుండా రాతిమీద ఆనించి, తిరుగుతున్న డ్రమ్ముకు తగిలీ తగలనట్టు పట్టుకున్నాడు. గుండ్రంగా ఉంటే సుద్ద గీత చుట్టూ పడాలి. రెండే చోట్ల పడింది, ఎదురెదురుగా. మేస్త్రి వంగి చూశాడు. ఇనుము మీద నీలం మచ్చలు, వెంట్రుకల్లాంటి పగుళ్ళు.

"కోలగా అయిపోనాది బావూ. తిరిగినప్పుడల్లా బ్రేకు ఓపాలి పట్టేత్తది, ఓపాలి ఒగ్గేత్తది. ఆ కుదుపంతా స్టీరింగు కాడికి ఎల్లిపోతాది," అన్నాడు. తరవాత తలెత్తి మా అందరి ముఖాలూ చూశాడు. "కాగిన ఇనుం మీద సన్నీళ్ళు పడితే గానీ ఇలగవ్వదు. ఎవులు పోత్తన్నారు నీళ్ళు?"

నేను తలుపు వెనక ఉన్నాను. పరాయి మగవాళ్ళ ముందు ఆ ఇంటి కోడలు గొంతు విప్పకూడదు. అయినా నోట్లోంచి మాట వచ్చేసింది. "నేనే," అన్నాను.

అత్తగారు చటుక్కున అందుకున్నారు. "చిన్నపిల్ల, తెలీక పోసింది నాయనా. ఎన్నిసార్లు చెప్పినా వినదు," అన్నారు. ఆమె ముఖంలో రవ్వంత తొట్రుపాటు కూడా లేదు.

మేస్త్రి నా వైపు చూడలేదు. డ్రమ్ములు తీసుకెళ్ళి లేతు మీద పల్చగా చెక్కి గుండ్రం చేస్తానని, మళ్ళీ వేడి మీద నీళ్ళు పడితే ఇక మార్చడమేనని చెప్పాడు. వెళ్తూ వెళ్తూ, "దానయ్యని పిలిపించుకోండి బావూ. మంచి సెయ్యి. ఈ ఒణుకు మీద ఇన్నాళ్ళు నడిపినాడంటే మాటలు కాదు," అన్నాడు. మామగారు నస్యం పీల్చి, "అది వేరే సంగతి," అన్నారు.

వేరే సంగతి ఎలా అవుతుంది? రెండు రోజులు ఆగి, భోజనాల దగ్గర వడ్డిస్తూ నేనే అడిగాను, దానయ్యకు తాగుడు లేదని ఒక ముక్క రాసిస్తే బాగుంటుందేమోనని. ఆయన ముద్ద మింగి, "ఇప్పుడు రాసిస్తే అప్పుడు మనం తప్పు చేశామని ఊరంతా చాటుకున్నట్టు కాదూ?" అన్నారు. జీవితమంతా అప్పీళ్ళ మీద బతికిన మనిషి! మద్రాసులో లా చదువుతున్న మా ఆయనకు ఉత్తరం రాశాను. పెద్దవాళ్ళ విషయాల్లో తలదూర్చవద్దని, అక్కడ ఉక్కగా ఉందని జవాబు వచ్చింది. అత్తగారు మాత్రం మేస్త్రి మాట పాటించారు. మోటారును చల్లారేదాకా గేటు బయట నిలబెట్టించి, అప్పుడు పోయించేవారు. ఇప్పుడు బుస్సుమనడం లేదు కాబట్టి మైల పోతోందో లేదోనని ఒక్కో చక్రానికి రెండేసి బిందెలు.

అప్పటికీ ఇప్పటికీ ఏం మారిందని నన్నెవరైనా అడిగితే, స్టీరింగు వణికితే చక్రం విప్పి చూస్తున్నారు, డ్రైవరు నోరు వాసన చూడటం లేదు, అదొక్కటి మారిందంటాను. మా మనవడి ఆఫీసు కారు నడిపే మనిషికి మా వంటింటి కిటికీలో విడిగా ఒక స్టీలు గ్లాసుంది. ఎందుకే అని కోడల్ని అడిగితే, పరిశుభ్రత కోసం అత్తయ్యా అంటుంది. మాట కొత్తది. ఆ గ్లాసు కడిగి బోర్లించిన చోటు చూస్తే నాకు ఆ పాత ముక్కవాసన కొడుతుంది.

దానయ్యను పంపేసిన కొత్తలో అతని భార్య నరసమ్మ ఒకసారి వచ్చి, అత్తగారి చేత గేటు దగ్గరే తిట్లు తిని వెళ్ళింది. మేస్త్రి వచ్చిపోయిన పదిరోజులకు మళ్ళీ వచ్చింది, ఈసారి పెరటి వైపు. అత్తగారు పురాణానికి వెళ్ళారు. నరసమ్మ వాకిలికి నాలుగడుగుల దూరంలో ఆగి, "మా ఆడు రంగం పోతన్నాడమ్మా. ఎల్లుండి గోపాలపురంలో ఓడెక్కుతాడు. ఓ ముక్క రాయించి ఇప్పించండమ్మా. కాయితం నేకపోతే అక్కడ మోటారెవులిత్తారు? బస్తాలు మొయ్యాల," అంది. ఏడవలేదు. ఏడ్చి వచ్చిన మనిషిలా ఉంది.

"ఉండు," అని లోపలికి పరిగెత్తాను. మామగారి బల్ల మీద కాగితం తీశాను. నా చెయ్యి వణికింది, నిజంగా వణికిన చెయ్యి ఆ ఇంట్లో అదే. "దానయ్య మా ఇంట్లో రెండేళ్ళు మోటారు నడిపాడు. అతనికి తాగుడు లేదు. మోటారు వణికింది వేడి చక్రాల మీద మేము నీళ్ళు పొయ్యడం వల్ల. పోసింది నేను," అని రాసి, కామేశ్వరి అని సంతకం పెట్టి, ఫలానా వకీలుగారి కోడలినని కింద రాశాను. అతను అని రాశాను. ఆ ఇంట్లో దానయ్య ఏనాడూ అతను కాలేదు, వాడే. రాసినది మళ్ళీ ఒకసారి చదువుకున్నాను. ఇంత తెగువ నాకు ఎక్కణ్ణుంచి వచ్చిందా అనుకున్నాను. నామీద నాకు గర్వంగా కూడా ఉంది, దాచడం దేనికి?

చీటీ మడిచి పెరట్లోకి వచ్చాను. నరసమ్మ రెండడుగులు ముందుకు వేసి, రెండు చేతులూ దోసిలిగా చాపింది. చీటీ ఆ దోసిట్లో పెట్టడానికి నేను ఒక్క మెట్టు దిగితే చాలు. దిగలేదు. ఆలోచించి మానలేదు, అసలు ఆలోచనే రాలేదు. పల్లెవాళ్ళకు ఏదైనా ఇచ్చేటప్పుడు ఆ ఇంట్లో అందరం ఎలా ఇస్తామో అలాగే, మెట్టు మీద నిలబడి, చెయ్యి ఎత్తి, చీటీని నేల మీద పడేశాను.

నరసమ్మ దోసిలి ఒక్క క్షణం అలాగే గాలిలో ఉండిపోయింది. తరవాత ఆమె వంగి కాగితం తీసి, మట్టి ఊది, కళ్ళకద్దుకుంది. "దండాలమ్మా, నీ కడుపు సల్లగుండ," అంది.

దానయ్య రంగంలో మోటారు నడిపాడో, బస్తాలు మోశాడో నాకు చివరికీ తెలియలేదు. నరసమ్మ దండం మాత్రం మరిచిపోలేదు. మామగారి మీద, అత్తగారి మీద, ఆ గుమాస్తా నోటి మీద నాకున్న రోత ఇన్ని పేజీల్లో కక్కుకున్నాను. అదంతా ఒక ఎత్తు. మెట్టు మీద నిలబడి చీటీ జారవిడిచిన ఆ పదిహేడేళ్ళ చేతిని చూస్తే నాకు కలిగే రోత మరెవరి మీదా కలగలేదు.